బెరడు చూసి చెట్టు పేరు చెప్పడం: బెంగళూరులో తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌కో కబ్బన్ పార్కుకో నడకకు వెళ్తుంటాం. మారతహళ్లి నుంచి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి, కేఆర్ పురం నుంచి వారం వారం కొత్తవాళ్లు కలుస్తుంటారు. మనుషులు కొత్త, ప్రశ్నలు మాత్రం పాతవే. చెప్పిందే చెప్పి గొంతు అరిగిపోతోందని ఇలా రాసి పెట్టాను. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాదు. అనంతపురం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి చెట్ల దగ్గర ఆగిపోయినవాణ్ణి. ఏ ప్రశ్న కావాలంటే అది మాత్రమే చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

పువ్వు చూసి గుర్తుపట్టడం సులువు కదా, బెరడుతో ఈ కుస్తీ ఎందుకు?

పువ్వు మూడు నాలుగు వారాల చుట్టం. జకరండా ఊదారంగులో ఉన్నప్పుడు అందరూ పేరు చెబుతారు, జూన్‌లో అదే చెట్టు కింద నిలబెడితే బిక్కమొహం వేస్తారు. ఆకు చూద్దామంటే కబ్బన్ పార్కులో మొదటి కొమ్మే రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. బెరడు ఏడాది పొడవునా కంటి ఎదుటే ఉంటుంది, చేతికి అందుతుంది.

అలాగని బెరడు ఒక్కటే చూసి పేరు ఖాయంగా చెప్పగలిగే చెట్లు మన వీధుల్లో ఓ పదిహేనుకు మించవు. మిగతావాటికి చెట్టు ఆకారం, కింద రాలి పడ్డ సరుకు కూడా కలపాలి. నేలను చూడకుండా బెరడును మాత్రమే చూసి పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను.

నాకు ఒక్క చెట్టు పేరూ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లాల్‌బాగ్‌లో మాత్రం వద్దు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది, ఇప్పుడు 240 ఎకరాలు. దేశదేశాల చెట్లు ఒకేచోట ఉండేసరికి మొదటి రోజే తల తిరుగుతుంది. మీ వీధిలోనే మొదలుపెట్టండి.

బెంగళూరు వీధుల్లో పదే పదే ఎదురయ్యేవి కొన్నే: కానుగ, రెయిన్ ట్రీ, గుల్మొహర్, పసుపుపూల కాపర్‌పాడ్, వేప, రావి, మహాగని, సిల్వర్ ఓక్, టబెబుయా, ఆకాశమల్లె, బాదం. వీటిలో సగం పరదేశీలే. గుల్మొహర్‌ది మడగాస్కర్, సిల్వర్ ఓక్‌ది ఆస్ట్రేలియా. జకరండా, టబెబుయా, రెయిన్ ట్రీ అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. ఏడాది పొడవునా నగరంలో ఏదో ఒక మూల ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండాలని ఆలోచించి నాటించినవాడిగా లాల్‌బాగ్‌ను నడిపిన జర్మన్ తోటల నిపుణుడు క్రుంబీగల్ పేరు చెబుతారు. తర్వాత 1980ల్లో అటవీ అధికారి నెగిన్‌హాళ్ ఆధ్వర్యంలో వీధుల్లో లక్షల మొక్కలు నాటారు. మీ ఇంటి ముందు నడివయసు చెట్టు ఉంటే అది ఆ రోజుల్లో నాటిందే కావచ్చు.

పదకొండింటినీ ఒకేసారి మొదలుపెట్టకండి. నెలకు ఒకటి చాలు. రోజూ పాల ప్యాకెట్‌కి వెళ్లే దారిలోని ఒక చెట్టును పట్టుకుని ఏడాది చూడండి.

తోటమాలి చెప్పే కన్నడ పేర్లు అర్థం కావట్లేదు. వాటిని మనం ఏమంటాం?

సగం పేర్లు అర్థమవుతాయి, కాస్త చెవి పెట్టాలంతే. హుణసె అంటే చింత, నేరళె అంటే నేరేడు, హలసు పనస, మావు మామిడి, సంపిగె సంపెంగ, బూరుగ మన బూరుగే. వినగానే తట్టనివి: బేవు అంటే వేప, హొంగె అంటే కానుగ, ఆల మర్రి, అరళి రావి, అత్తి మేడి, ముత్తుగ మోదుగ. చెట్టును వాళ్లు మర అంటారు, మా సీమలో మాను అంటాం. మల్లేశ్వరంలో సంపిగె రోడ్డు, విమానాశ్రయం దారిలో హుణసెమారనహళ్లి కనిపించినప్పుడు ఈ పేర్లు గుర్తొస్తే ఇక మర్చిపోరు.

మాలిని "ఇదు యావ మర?" అని అడగండి. యాప్ కన్నా ముందు ఆయన చెబుతాడు, తరచూ సరిగ్గానే చెబుతాడు.

ఏ టైములో వెళ్తే బెరడు బాగా తెలుస్తుంది?

పొద్దున ఏడు, ఎనిమిది మధ్య. ఎండ ఏటవాలుగా పడి పగుళ్లలో నీడ నిలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో అన్ని బెరళ్లూ చదునుగా కనిపిస్తాయి. వాన వెలిసిన గంటలో కూడా పోల్చుకోవద్దు, తడికి ప్రతి మానూ నల్లబడుతుంది. నెలల్లో అయితే జనవరి, ఫిబ్రవరి మంచివి. చాలా చెట్లు ఆకు రాల్చి అస్థిపంజరంలా నిలబడతాయి, కొమ్మల తీరు తెలుస్తుంది.

ఏం తీసుకెళ్లాలి?

టైలర్ టేపు, ఫోను, చిన్న నోటుబుక్కు. బైనాక్యులర్స్ ఉంటే పైకొమ్మల ఆకులు చూడొచ్చు. చాకు వద్దు.

## దూరం నుంచి చూస్తున్నప్పుడు

దూరం నుంచి అన్నీ పచ్చటి గుబురులే. ఏం చూడాలి?

ముందు మాను ఎంత ఎత్తున చీలిందో చూడండి. సిల్వర్ ఓక్, ఆకాశమల్లె నిట్టనిలువుగా పోతాయి, మాను చివరిదాకా ఒక్కటిగానే కనిపిస్తుంది. కానుగ, చింత తక్కువ ఎత్తులోనే చీలిపోయి గుండ్రటి నీడ పరుస్తాయి.

తర్వాత పందిరి ఆకారం. గుల్మొహర్ విప్పిన గొడుగులా చదునుగా ఉంటుంది. రెయిన్ ట్రీ కూడా గొడుగే, కానీ నాలుగు వరసల రోడ్డును ఇటు నుంచి అటు కప్పేసేంత పెద్దది. కాపర్‌పాడ్ గొడుగులా పరుచుకోదు, గుమ్మటంలా పైకి లేస్తుంది. మామిడి దట్టంగా, లోపలికి వెలుతురు దూరనంతగా ఉంటుంది.

మూడోది కొమ్మలు పుట్టే తీరు. బాదం కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా, గోపురంలా అడ్డంగా పరుచుకుంటాయి. బూరుగు కూడా అంతే, ఒకే ఎత్తులో చుట్టూ కొమ్మలు వేసి, కాస్త పైకి పోయి మళ్లీ ఇంకో చుట్టు వేస్తుంది. గంధం రెమ్మలు కిందికి వేలాడుతుంటాయి. ఇవి చూడటానికి ఆకులు, పువ్వులు అక్కర్లేదు. చెట్టుకి ఎదురుగా కాఫీ తాగుతూ చూసేయొచ్చు.

కరెంటు తీగల కోసం సగం కొమ్మలు కొట్టేశారు. ఇంకా ఆకారాన్ని ఎలా నమ్మాలి?

నమ్మకండి. వీధి చెట్టు ఆకారంలో సగం జాతిది, సగం గొడ్డలిది. రోడ్డు వైపు కాకుండా కాంపౌండు వైపు ఉన్న సగాన్ని చూడండి, అటు కత్తి తక్కువ పడుతుంది. కొట్టిన చోట గుబురుగా లేచిన కొత్త రెమ్మల్లో ఆకులు మామూలుకన్నా పెద్దవిగా, బెరడు నున్నగా ఉంటుంది. వాటితో పోల్చితే తప్పుతారు. అదే జాతి చెట్టు పార్కులోనో బడి ఆవరణలోనో కత్తి పడకుండా పెరిగింది దొరికితే ఒకసారి చూసి రండి.

ఊడలు ఉంటే మర్రి అనేయొచ్చా?

అనేయలేం. ఇళ్ల ముందు కుండీల్లో పెట్టి, పెద్దయ్యాక వీధిలో నాటేసే రబ్బరు మర్రికీ, చిన్న ఆకుల ఫైకస్ రకాలకూ ఊడలు వస్తాయి. మర్రిని ఖాయం చేసేది ఆకు: వెడల్పుగా, దళసరిగా, మొద్దుగా ముగుస్తుంది. రావి ఆకుకు పొడవాటి తోక ఉంటుంది, ఊడలు దించదు. మేడికీ ఊడలుండవు, కాయలు మాత్రం గుత్తులుగా మాను మీదే కాస్తాయి.

ఈ కుటుంబం మొత్తానికీ ఒక గుర్తు ఉంది. రాలిన లేత రెమ్మ తీసుకుని చూడండి. ప్రతి ఆకు పుట్టిన చోటా రెమ్మ చుట్టూ ఉంగరంలా సన్నని గీత ఉంటుంది. తుంచితే తెల్లటి పాలు వస్తాయి.

కెంగేరి దాటాక రామోహళ్లి దగ్గర దొడ్డ ఆలద మర ఉంది, మూడెకరాల మర్రి. అసలు మాను తెగులు తగిలి ఎప్పుడో పోయింది, ఇప్పుడు నిలబడినవన్నీ ఊడలే. అది చూసి నోరెళ్లబెట్టినవాళ్లకు నేను కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను సంగతి చెబుతుంటాను. దాదాపు 5 ఎకరాలు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మా జిల్లా గొప్ప అని నవ్వుకుంటారు, ఫర్వాలేదు.

## బెరడు దగ్గర నిలబడ్డాక

అసలు బెరడు ఒక్కో చెట్టుకి ఒక్కోలా ఎందుకు పగులుతుంది?

మాను లోపలి నుంచి లావెక్కుతుంది. బెరడుకీ కట్టెకీ మధ్య పలుచని సజీవ పొర ఒకటి ఉంటుంది. అది లోపలి వైపు కట్టెను, బయటి వైపు ఆహారం మోసే పొరను తయారు చేస్తుంది. ఇంకాస్త బయట బెండును తయారుచేసే పొర మరొకటి ఉంటుంది. బయటికి కనిపించే బెరడు చాలామటుకు చచ్చిన బెండే. చచ్చిన బెండు సాగదు. పిల్లాడు పెరిగాక పాత చొక్కా పిగిలినట్టు అది పిగలాల్సిందే.

ఎలా పిగులుతుందన్నది బెండు పొర మీద ఆధారపడుతుంది. కొన్ని చెట్లకు ఆ పొర ఏళ్ల తరబడి ఒక్కటే ఉండి, మానుతో పాటు తనూ విస్తరిస్తుంది. అలాంటి బెరడు పలుచగా, నున్నగా ఉంటుంది. కొన్నింటికి పాత పొర కింద కొత్త పొరలు ముక్కలు ముక్కలుగా పుడతాయి, వాటిపైన ఉన్న భాగం పెచ్చులుగా ఊడుతుంది. జామ అలాంటిదే. కొన్నింటిలో చచ్చిన బెరడు ఊడదు, నారలు పట్టి ఉంచుతాయి. మాను లావయ్యే కొద్దీ నిలువునా చీలి లోతైన గాళ్లు పడతాయి. వేప బెరడు అందుకే అలా ఉంటుంది. నారలు అడ్డంగా కూడా తెగితే చింత బెరడులా పలకలు పలకలుగా కనిపిస్తుంది.

కాబట్టి బెరడు ముందు నిలబడి మూడే అడగండి. నున్నగా ఉందా, ఊడుతోందా, చీలుతోందా? ఊడితే పెచ్చులా, పొడవాటి పీలికలా? చీలితే నిలువునా, పలకలుగానా? ఈ మూడూ తేలితే మీ వీధిలో మిగిలేవి రెండు మూడు పేర్లే.

ఒకే జాతి అంటున్నారు, చిన్న చెట్టు బెరడూ పెద్ద చెట్టు బెరడూ వేరుగా ఉన్నాయేంటి?

పసివాడి చెంపా తాత చెంపా ఒకేలా ఉంటాయా? లేత వేప మాను దాదాపు నున్నగానే ఉంటుంది, గాళ్లు తర్వాత వస్తాయి. పెద్ద చెట్టులో కూడా మొదలు దగ్గరి బెరడు వయసు ఎక్కువ, పైకొమ్మలది తక్కువ. నేరేడు అడుగున గరుకుగా పెచ్చులు కట్టి, పైన లేత బూడిదరంగులో నున్నగా కనిపిస్తుంది. అందుకే ఒకే ఎత్తులో, మీ ఛాతీ ఎత్తులో చూసే అలవాటు చేసుకోండి.

బెరడు మీద తెల్లటి, పచ్చటి మచ్చలున్నాయి. అది ఆ చెట్టు గుర్తేనా?

కాదు. అవి లైకెన్లు (బూజు జాతి శిలీంధ్రం, నాచు కలిసి బతికే పొరలు), నాచు. చెట్టుకి హాని చేయవు, బెరడును ఆసరాగా వాడుకుంటాయి. తడి, నీడ ఎక్కువున్న వైపు ఎక్కువగా పడతాయి. మాను చుట్టూ తిరిగి, మచ్చ లేని చోట రంగు చూడండి. రోడ్డు పక్కన సున్నం, కావి పట్టీలు వేసిన మానులైతే పట్టీ పైభాగం చూడాలి. మొదటిసారి వచ్చిన ఒకాయన ఆ తెల్ల పట్టీనే బెరడు అనుకుని చాలాసేపు వాదించాడు.

మాను నిండా ముళ్లున్నాయి. బూరుగేనా?

చాలావరకు అవును, కానీ బూరుగులు ఒకటి కాదు. ఎర్ర బూరుగుకి వయసులో ఉండగా మొనదేలిన బుడిపెల్లాంటి ముళ్లుంటాయి, ముసలైతే చాలావరకు రాలిపోతాయి. చలికాలం చివర ఆకు మొత్తం రాల్చి, ఎర్రటి పెద్ద పువ్వులు పూస్తుంది. తెల్ల బూరుగు లేత మాను పచ్చగా ఉంటుంది, పువ్వు మీగడ రంగు. లాల్‌బాగ్‌లోని పెద్ద తెల్ల బూరుగు మొదలు చూడండి, వేర్లు గోడల్లా లేచి వాటి మధ్య మనిషి దాక్కోవచ్చు. ఇంకోటి బొద్దు సీసాలాంటి పచ్చటి మాను, నిండా బలమైన ముళ్లు, గులాబీ పువ్వులు. అది దక్షిణ అమెరికా బూరుగు, ఈమధ్య పార్కుల్లో నాటుతున్నారు.

నొక్కితే బెండులా మెత్తగా ఉంది. అదేం చెట్టు?

పొడవుగా, సన్నగా, తిన్నగా ఉంటే ఆకాశమల్లె. పసుపు కలిసిన బూడిదరంగు బెరడు లోతుగా చీలి ఉంటుంది. చలికాలం మొదట్లో పొద్దున్నే కింద పొడుగు కాడల తెల్ల పువ్వులు, ఆ వాసన ఉంటే అనుమానమే లేదు. మాను వంకరగా, ఆకులు వెండి పూత పూసినట్టు ఉంటే పసుపుపూల టబెబుయా, దాని బెరడు కూడా బెండులాగే ఉంటుంది. టబెబుయా ఆకు చేతివేళ్లలా ఒకేచోట నుంచి విచ్చుకుంటుంది, ఆకాశమల్లెది అలా కాదు.

నున్నగా, పాలిపోయి, పెచ్చులూడే చెట్లు మూడు నాలుగు కనిపించాయి. ఎలా విడదీయాలి?

చిన్న చెట్టు, రాగిరంగు పలుచని పెచ్చులు, కింద లేత పచ్చ: జామ. ఇది మీకు తెలిసిందే.

పెద్ద మాను, మొదట్లో మడతలు పడి, పెద్ద పెద్ద పెచ్చులూడిన చోట గులాబీ కలిసిన తెలుపు కనిపిస్తే తెల్లమద్ది, అర్జున వృక్షం. ఏటి ఒడ్డు చెట్టు, ఇక్కడ చెరువు కట్టల మీదా రోడ్ల పక్కనా కూడా ఉంది. కింద వెతకండి, ఐదు రెక్కల గట్టి కాయ దొరికితే తేలిపోయినట్టే.

నిట్టనిలువు మాను నుంచి పొడవాటి పీలికలు వేలాడుతూ, కొడవలిలాంటి ఆకులు కిందికి జారుతుంటే నీలగిరి. మన ఊళ్లలో జామాయిల్ అనేది దీన్నే. రాలిన ఆకు నలిపితే జలుబు మందు వాసన.

మొసలి చర్మంలా నల్లటి పలకలున్నాయి. ఎర్రచందనమా?

కావచ్చు, కానీ తొందరపడకండి. ఎర్రచందనం బెరడు నల్లగా, లోతుగా చీలి చతురస్రపు పలకలుగా ఉంటుంది. అచ్చం అలాంటి బెరడే నల్లమద్దిదీ. శేషాచలం అడవుల్లో నడిచినవాళ్లు రెండింటినీ చూసే ఉంటారు. ఎర్రచందనానికి మూడేసి గుండ్రటి ఆకులు కలిసి ఒక ఆకుగా ఉంటాయి, కాయ చుట్టూ పలుచటి రెక్క ఉంటుంది. నల్లమద్దికి విడి ఆకు, కాయకు ఐదు రెక్కలు. బెంగళూరు వీధిలో నల్లటి పలకలు కనిపిస్తే ముందు చింతను అనుమానించండి, అది మరీ మామూలు చెట్టు.

ఒకే మానుకి రెండు రకాల బెరడు ఉంది. ఇదేం వింత?

అవి రెండు చెట్లు. ఇక్కడ ప్రతి పాత పేటలో అరళి కట్టె ఉంటుంది, నాగుల రాళ్లు పెట్టిన రచ్చబండ. రావికీ వేపకూ పెళ్లి చేసి పక్కపక్కనే నాటుతారు, మన ఊళ్లలో లాగే. ఏళ్లు గడిచాక మానులు పెనవేసుకుంటాయి. ఒక వైపు గాళ్లు పడిన వేప బెరడు, ఇంకో వైపు బూడిదరంగు రావి బెరడు. పెళ్లి చేయకపోయినా జరుగుతుంది. పక్షి వేసిన రావి గింజ ఇంకో చెట్టు తొర్రలో మొలిచి, వేర్లు కిందికి దించి, ఆ మానునే కప్పేస్తుంది.

లోపలి రంగు కోసం కొద్దిగా గీరి చూడొచ్చా?

వద్దు. అటవీ శాఖ వాళ్లు ఒక్కోసారి అలా చేస్తారు, వాళ్ల పని వేరు. ఆకులు తయారుచేసిన ఆహారం వేర్లకు చేరేది బెరడు కిందున్న పలుచని పొర గుండానే. మాను చుట్టూ ఆ పొర తెగితే వేర్లు పస్తుండి చెట్టు చస్తుంది. మందుకని తెల్లమద్ది బెరడు ఒలిచేసిన మానులు చూశాను, బాధేస్తుంది. పాత గాయాలే చాలా చెబుతాయి: వేపకైతే తేనెరంగు బంక కారి గట్టిపడి ఉంటుంది, పనసకైతే పాలు ఆరిన మరకలుంటాయి.

## రెండు పేర్ల మధ్య ఇరుక్కున్నప్పుడు

గుల్మొహర్, కాపర్‌పాడ్, జకరండా, రెయిన్ ట్రీ. అన్నింటికీ చింతాకులాంటి ఆకులే. ఎలా?

నేను మూడేళ్లు ఒక కాపర్‌పాడ్‌ను గుల్మొహర్ అనుకుని అందరికీ చూపించాను. నాలుగో ఏడు సరిగ్గా చూస్తే పసుపు పువ్వులు. అంతకుముందు మూడేళ్లూ ఆ నెలలో నేను ఊరెళ్లేవాణ్ణి.

ముందు రెయిన్ ట్రీని పక్కకు తీసేయండి. నల్లటి గరుకు బెరడు నిలువు గాళ్లతో ఉంటుంది. ఆకులోని చిట్టి ఆకులు మిగతా మూడింటికన్నా బాగా పెద్దవి, కొసకు పోయే కొద్దీ ఇంకా పెద్దవవుతాయి. సాయంత్రమైనా, మబ్బు పట్టినా ముడుచుకుంటాయి. తెలుగులో నిద్రగన్నేరు అనే పేరు ఊరికే రాలేదు. కింద నల్లటి జిగట కాయలు చెప్పులకు అంటుకుంటాయి, ఆవులు ఇష్టంగా తింటాయి.

మిగతా మూడూ నున్నటి నుంచి కాస్త గరుకు వరకు బూడిదరంగు బెరళ్లు. ఇక్కడ బెరడును పట్టుకుని వేలాడితే లాభం లేదు, కాయ చూడండి. గుల్మొహర్‌ది మూరెడు పొడవు కత్తిలాంటి గట్టి కాయ, నెలల తరబడి వేలాడుతుంది. కాపర్‌పాడ్‌ది వేలెడంత రాగిరంగు కాయ, చెట్టు మొత్తం తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది. జకరండాది గుండ్రటి, చదునైన బిళ్లలాంటి కాయ. కాయలు లేకపోతే ఆకులు పుట్టే తీరు: జకరండాకు రెమ్మ మీద ఎదురెదురుగా జతలుగా, మిగతా రెండింటికీ ఒకటి తర్వాత ఒకటి.

మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది వేపా, మహాగనీయా?

దీని మీద గొడవలయ్యాయి. మా దగ్గర ఉగాది పచ్చడికి పువ్వు కోసమని ఒక చెట్టు కింద రెండేళ్లు ఎదురుచూశారు. చివరికి మాలి వచ్చి "ఇదు బేవు అల్ల సార్" అన్నాడు. అది మహాగని.

వేప చిట్టి ఆకు అంచుకు రంపపు పళ్లుంటాయి, వంపు తిరిగి ఉంటుంది. మహాగని అంచు నున్నగా, ఆకు మెరుస్తూ, మొదట్లో ఒక వైపుకు ఒరిగి ఉంటుంది. వేప బెరడు నిలువునా చీలుతుంది, మహాగనిది చిన్న చిన్న ముదురు పెచ్చులు కడుతుంది. కింద పిడికిలికన్నా పెద్ద చెక్క కాయ పగిలిన డొప్పలు, రెక్కల గింజలు ఉంటే వేప ఆశలు వదులుకోండి.

కాంపౌండ్ గోడ వెంట ఉన్న అశోక చెట్లు నిజంగా అశోకమేనా?

కాదు. బాణంలా నిలబడి, అంచు అలలు తేలిన పొడుగాకులు కిందికి వేలాడదీసేది నరమామిడి. బిల్డర్ల బ్రోషర్లలో అది అశోక అయిపోయింది. అసలు అశోకం, మన సీతాశోకం, అంత తిన్నగా పెరగదు. నారింజరంగు పూల గుత్తులు ముదురు కొమ్మల మీద నేరుగా పూస్తాయి.

ఇది గంధం చెట్టేనని వాచ్‌మన్ అన్నాడు. వాసన రావట్లేదే?

బెరడుకి వాసన ఉండదు. గంధం వాసన ముదిరిన చెట్టు లోపలి చేవలో ఉంటుంది. గోకి చూసేవాళ్లు గోకుతూనే ఉంటారు, ఏమీ దొరకదు. ముదురు బూడిదరంగు గరుకు బెరడు, పొట్టి నిలువు చీలికలు, ఎదురెదురుగా చిన్న ఆకులు, వేలాడే రెమ్మలు చూడండి. పక్కన వేరే చెట్టో పొదో తప్పక ఉంటుంది, గంధం వేర్లు పక్క మొక్క వేర్ల నుంచి కొంత తిండి లాక్కుంటాయి. ఒక మనవి: గంధం అని తేలాక ఫొటోతో పాటు అడ్రసు ఎక్కడా పెట్టకండి. దొంగలు కూడా ఫోను చూస్తారు.

పెద్ద చింతలు ఎక్కడ చూడొచ్చు?

దేవనహళ్లి దగ్గర నల్లూరు చింతతోపు, 54 ఎకరాలు. 2007లో దేశంలో మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మానులు మెలికలు తిరిగి, తొర్రలు పడి, పలకలు కట్టిన బెరడుతో ఉంటాయి. విమానం ఎక్కేవాళ్లు రెండు గంటలు ముందు బయల్దేరితే చూసి పోవచ్చు.

## పేరు ఖరారు చేసేటప్పుడు

ఫోను యాప్ బెరడు ఫొటో చూసి పేరు చెప్పేస్తుంది కదా?

చెప్పేస్తుంది, ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు. గూగుల్ లెన్స్ బెరడు దగ్గర బాగా తడబడుతుంది. ప్లాంట్‌నెట్‌లో ఆకు, పువ్వు, కాయ, బెరడు అని విడివిడిగా ఫొటోలు ఇవ్వొచ్చు, కలిపి ఇస్తే మెరుగు. ఐనాచురలిస్ట్‌లో మనుషులు సరిచూస్తారు. యాప్ ఇచ్చిన పేరును జవాబుగా తీసుకోకండి, అనుమానితుడిగా తీసుకోండి. ఆ జాతి కాయ ఎలా ఉంటుందో చదివి, చెట్టు కింద వెతకండి. లాల్‌బాగ్‌లో చాలా చెట్లకు పేరు పలకలున్నాయి, అక్కడికి వెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఫొటోలు ఎలా తీస్తే పేరు చెప్పగలరు?

నాలుగు చాలు: దూరం నుంచి మొత్తం చెట్టు, ఛాతీ ఎత్తులో బెరడు, ఆకు రెండు వైపులా, కింద దొరికినది. బెరడు ఫొటోలో మీ చెయ్యో పదిరూపాయల నాణెమో పెట్టండి. లేకపోతే జామ బెరడూ తెల్లమద్ది బెరడూ ఒకే సైజులో కనిపిస్తాయి. ఫ్లాష్ ఆపేయండి.

చుట్టుకొలత కొలిచి వయసు చెప్పొచ్చా?

జాతి తెలియకుండా చెప్పలేం, తెలిసినా ఉజ్జాయింపే. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి కొలవడం మన దేశంలో పద్ధతి. కానీ రెయిన్ ట్రీ కొన్ని దశాబ్దాల్లోనే ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావవుతుంది, అదే వయసు గంధం మీ తొడంత కూడా ఉండదు. మాను అడ్డంగా కోస్తే కనిపించే వలయాలు కూడా మన వాతావరణంలో అన్ని జాతుల్లో స్పష్టంగా ఉండవు. టేకు లాంటి కొన్నింటిలోనే లెక్కకు పనికొస్తాయి. "ఈ చెట్టుకి మూడొందల ఏళ్లు" అనే బోర్డు చూస్తే, ఎవరు ఎలా లెక్కేశారని నేను అడుగుతుంటాను.

పిల్లల్ని తీసుకురావచ్చా? బోర్ కొట్టదా?

తెల్ల కాగితం, మైనపు క్రేయాన్ ఇవ్వండి. కాగితం మాను మీద ఆనించి క్రేయాన్ అడ్డంగా రుద్దితే బెరడు అచ్చు పడుతుంది. వేపకు నిలువు గీతలు, చింతకు గళ్లు, రావికి దాదాపు ఏమీ లేదు. పిల్లలు వారంలో ఐదు చెట్లు నేర్చుకుంటారు, నాన్నలకు నెల పడుతుంది.

మా లేఅవుట్‌లో చెట్టు కొట్టాలంటున్నారు. జాతి తెలిస్తే ఏమైనా ఉపయోగమా?

చాలా ఉపయోగం. కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం సొంత స్థలంలో ఉన్న చెట్టును కొట్టాలన్నా ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. సిల్వర్ ఓక్, సుబాబుల్ లాంటి కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. అందుకే దరఖాస్తులో జాతి పేరు తప్పుగా రాస్తే కథ మారిపోతుంది. అభ్యంతరం రాసేవాళ్లు చెట్టు పేరు తెలుగులో, కన్నడలో, శాస్త్రీయంగా మూడు రకాలుగా రాయండి. చుట్టుకొలత, బెరడు ఫొటో, మొత్తం చెట్టు ఫొటో జతచేయండి. "గేటు పక్కన పెద్ద చెట్టు" అని రాస్తే అధికారి వచ్చేసరికి గేటు పక్కన ఏ చెట్టూ ఉండకపోవచ్చు.